రహదారి నియమముల వెనుక చరిత్ర – విద్యుత్ స్కూటర్లు నడిపేవారికి

మన వీధులలో ఇప్పుడు చప్పుడు లేని బండ్లు తిరుగుతున్నాయి. పెట్రోలు ఖర్చు తగ్గుతుందని కొందరు, పొగ రాదని కొందరు, నడపడము తేలిక అని మరికొందరు విద్యుత్ స్కూటర్లను కొంటున్నారు. వీధిలో పొగ తగ్గితే పిల్లల ఊపిరితిత్తులకు మేలు. ఉబ్బసము ఉన్నవారికీ, హృద్రోగులకూ మేలు. అందుచేత వైద్యునిగా నేను ఈ మార్పును స్వాగతిస్తాను. అయితే ఈ బండ్లతో పాటు ఒక మాట కూడా ప్రచారములోనికి వచ్చింది. "ఇది చిన్న బండి, దీనికి హెల్మెట్టు ఎందుకు? లైసెన్సు ఎందుకు? పిల్లవాడు నడిపితే మాత్రము ఏమవుతుంది?" అని చాలామంది అడుగుతున్నారు.

ఈ ప్రశ్నలకు చట్టము కొంత సమాధానము చెబుతుంది. చరిత్ర ఇంకా బాగా చెబుతుంది. రహదారిపై మనము పాటించే నియమములలో చాలా భాగము ఎవరో ఒకరు ప్రాణము కోల్పోయిన తరువాత, ఆ మరణములను ఎవరో ఓపికగా లెక్కపెట్టిన తరువాత పుట్టినవే. ఆ లెక్కపెట్టిన వారిలో వైద్యులు కూడా ఉన్నారు. ఆ చరిత్రను ఒకసారి పరిశీలిస్తే నియమములు జరిమానా కోసము పెట్టిన ఆంక్షలుగా కాక, పూర్వులు మనకు విడిచి వెళ్ళిన అనుభవముగా కనిపిస్తాయి.

తొలి దీపము, తొలి మరణములు

మోటారు కార్లు పుట్టకముందే రహదారులపై రద్దీ పుట్టింది. లండను నగరములో గుఱ్ఱపు బండ్ల తాకిడికి పాదచారులు గాయపడుతుండడముతో, జాన్ పీక్ నైట్ అనే రైల్వే ఇంజనీరు రైలు మార్గములలో వాడే సంకేతములను వీధికి తెచ్చాడు. 1868 డిసెంబరులో పార్లమెంటు భవనము దగ్గర ప్రపంచములోని తొలి ట్రాఫిక్ సంకేతస్తంభము వెలసింది. పగలు దాని చేతులు పైకి లేచి, క్రిందికి దిగేవి. రాత్రి గ్యాసుతో వెలిగే ఎర్ర, పచ్చ దీపములు దారి చూపేవి. ఒక పోలీసు దానిని చేతితో త్రిప్పేవాడు. నెల తిరగకుండానే, 1869 జనవరిలో గ్యాసు కారి ఆ దీపము ప్రేలింది. దానిని త్రిప్పుతున్న పోలీసు తీవ్రముగా గాయపడ్డాడు. ఆ ప్రయోగము అక్కడితో ఆగిపోయింది. విద్యుత్తుతో వెలిగే సంకేతదీపములు 1914లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరములో వచ్చేవరకు, సుమారు అర్ధశతాబ్దము గడిచింది.

అదే 1869లో, ఆగస్టు 31న, ఐర్లండులో మేరీ వార్డ్ అనే శాస్త్రజ్ఞురాలు మరణించారు. ఆమె సూక్ష్మదర్శినిపై పుస్తకములు వ్రాసిన విదుషీమణి. వయస్సు 42 సంవత్సరములు. బంధువులు తయారుచేసిన ఆవిరి బండిలో ప్రయాణిస్తుండగా, ఒక మలుపులో బండి కుదుపుకు ఆమె క్రింద పడ్డారు. బరువైన చక్రము ఆమె మీదుగా వెళ్ళింది. యంత్రముతో నడిచే వాహనము వలన మరణించినవారిలో తొలి వ్యక్తిగా చరిత్రకారులు ఆమె పేరే చెబుతారు. గమనించండి, ఆమె బండి నడపలేదు. ఆమె ఆ బండిలో ప్రయాణికురాలు మాత్రమే.

1896 ఆగస్టు 17న లండనులోని క్రిస్టల్ పాలెస్ ఆవరణలో బ్రిడ్జెట్ డ్రిస్కాల్ అనే 44 ఏళ్ళ గృహిణి మోటారు కారు తగిలి మరణించారు. బ్రిటనులో కారు తగిలి మరణించిన తొలి పాదచారి ఆమె. ఆ కారు ప్రదర్శన కోసము జనమును ఎక్కించుకొని తిరుగుతున్నది. అది గంటకు నాలుగు మైళ్ళ వేగముతోనే నడుస్తున్నదని వాదన వచ్చింది. అంటే వడిగా నడిచే మనిషి వేగము. విచారణ జరిపిన అధికారి, ఇటువంటి సంఘటన మరి జరగకూడదని ఆశించాడు. ఆ ఆశ నెరవేరలేదని వేరుగా చెప్పనక్కరలేదు. అంతకు పూర్వము అక్కడ ఒక చట్టము ఉండేది. 1865 నాటి ఆ చట్టము ప్రకారము యంత్రవాహనము ముందు ఒక మనిషి ఎర్రజెండా పట్టుకొని నడవాలి. ఊళ్ళలో గంటకు రెండు మైళ్ళు, బయట నాలుగు మైళ్ళు మించరాదు. నేడు మనకది నవ్వు పుట్టించవచ్చు. కాని 'బండి వస్తున్నదని ఎదుటివారికి తెలియాలి' అనే సూత్రము అందులో ఉన్నది. చప్పుడు లేని విద్యుత్ స్కూటర్లు వచ్చిన తరువాత ఆ సూత్రము మరల మనకు అవసరమయింది.

విద్యుత్ ద్విచక్రి కొత్తది కాదు

విద్యుత్తుతో నడిచే రెండు చక్రముల బండి ఈ శతాబ్దపు వస్తువు అని చాలామంది అనుకుంటారు. ఆగ్డెన్ బోల్టన్ అనే అమెరికనుకు 1895 డిసెంబరు 31న విద్యుత్ సైకిలుపై పేటెంటు లభించింది. ఆయన మోటారును వెనుక చక్రపు కుండలోనే అమర్చాడు. నేడు మన వీధులలో తిరిగే చాలా విద్యుత్ స్కూటర్లలో మోటారు అక్కడే ఉంటుంది.

1915లో న్యూయార్కులో 'ఆటోపెడ్' అనే నిలబడి నడిపే స్కూటరు తయారయింది. అది పెట్రోలుతో నడిచేది. తరువాత విద్యుత్తుతో నడిచే రూపము కూడా వచ్చింది. చేతికఱ్ఱను ముందుకు త్రోస్తే బండి కదిలేది, వెనుకకు లాగితే ఆగేది. లండనులో ఫ్లోరెన్స్ నార్మన్ అనే ప్రముఖురాలు దానిపై నిలబడి ఉద్యోగానికి వెళ్ళే ఛాయాచిత్రము నేటికీ ప్రసిద్ధము. కొద్ది సంవత్సరములలోనే ఆ బండి మాయమయింది. చిన్న చక్రములు, నిలబడిన మనిషి బరువు, గతుకుల దారి, ఈ మూడూ కలిస్తే బండి స్థిరముగా ఉండదు. ఈ లోపము నూరేళ్ళ తరువాత వచ్చిన నిలబడి నడిపే విద్యుత్ స్కూటర్లలో కూడా అలాగే ఉన్నది.

ఇద్దరు వైద్యులు, ఒక శిరస్త్రాణము

యుద్ధములో శిరస్త్రాణము అతి ప్రాచీనమైనది. రహదారిపై శిరస్త్రాణము మాత్రము వైద్యుల చలువ. ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ పందెపు బాటలో ఎరిక్ గార్డ్‌నర్ అనే వైద్యుడు పనిచేసేవాడు. రెండు వారములకు ఒకరు చొప్పున తలకు దెబ్బ తగిలిన మోటారు సైకిలు పందెగాళ్ళు తన దగ్గరకు వస్తున్నారని ఆయన గమనించాడు. కాన్వాసు గుడ్డకు లక్క పూతలు పూయించి గట్టి టోపీలు చేయించాడు. 1914లో ఐల్ ఆఫ్ మాన్ ద్వీపములో జరిగిన ప్రసిద్ధ మోటారు సైకిలు పందెములో వాటిని తప్పనిసరి చేశారు. పోటీదారులు కొందరు సణిగారు. ఒక పోటీదారుడు గేటుకు గుద్దుకొని కూడా ఆ టోపీ వలన బ్రతికాడు. ప్రతి సంవత్సరమూ పందెము తరువాత తలకు దెబ్బ తగిలిన రోగులను చూసే అక్కడి వైద్యాధికారి, ఆ సంవత్సరము అటువంటి వారు ఒక్కరూ రాలేదని గార్డ్‌నరుకు జాబు వ్రాశాడు. అయినా ఆ టోపీ పందెపు బాట దాటి సామాన్యుల రహదారి పైకి రాలేదు.

రెండవ వైద్యుడు హ్యూ కెయిర్న్స్. ఆస్ట్రేలియాలో పుట్టి, అమెరికాలో హార్వే కుషింగ్ వద్ద శిక్షణ పొంది, ఇంగ్లండులో స్థిరపడిన మస్తిష్క శస్త్రవైద్యుడు. 1935 మే 13న టి. ఇ. లారెన్స్, అంటే 'లారెన్స్ ఆఫ్ అరేబియా'గా లోకము ఎరిగిన మనిషి, మోటారు సైకిలుపై ఇంటికి వెళుతూ, సైకిళ్ళపై వస్తున్న ఇద్దరు బాలురను తప్పించబోయి పడిపోయాడు. తలపై రక్షణ లేదు. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మే 19న మరణించాడు. అప్పటికి ఆయనకు 46 ఏళ్ళు. చికిత్సకు పిలిపించిన నిపుణులలో కెయిర్న్స్ ఒకరు. వైద్యము చేయగలిగినది ఏమీ లేని స్థితిలో ఆ రోగిని ఆయన చూశాడు.

కొద్ది కాలానికే రెండవ ప్రపంచయుద్ధము వచ్చింది. దీపములు ఆర్పిన రహదారులపై సైనిక వార్తాహరులు మోటారు సైకిళ్ళపై తిరిగేవారు. కెయిర్న్స్ లెక్కలు తీశాడు. యుద్ధానికి ముందు 21 నెలలలో బ్రిటనులో 1,884 మంది మోటారు సైకిలు ప్రయాణికులు మరణిస్తే, యుద్ధము మొదలైన తరువాత 21 నెలలలో 2,279 మంది మరణించారు. 1941 అక్టోబరులో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన తన పరిశీలనను ప్రచురించాడు. ప్రమాద సమయములో శిరస్త్రాణము ధరించినవారు ఆయనకు కనిపించినది ఏడుగురు మాత్రమే. ఆ ఏడుగురూ బ్రతికారు. ఏడుగురి లెక్కతో శాస్త్రము నిర్ధారణ కాదని ఆయనకు తెలుసు. అయినా ప్రయత్నించదగిన మార్గము కనిపించింది. ఆ సంవత్సరము నవంబరులో బ్రిటిష్ సైన్యము మోటారు సైకిలు వార్తాహరులకు శిరస్త్రాణమును తప్పనిసరి చేసింది. యుద్ధము ముగిసిన తరువాత, 1946లో, ఆయన మరల లెక్కలు ప్రచురించాడు. శిరస్త్రాణము వాడుక పెరిగిన కొద్దీ మరణములు తగ్గిన తీరు అందులో స్పష్టముగా కనిపించింది.

ఇంత స్పష్టమైన సాక్ష్యము ఉన్నా బ్రిటనులో సామాన్య పౌరులకు శిరస్త్రాణము తప్పనిసరి అయినది 1973లో. కెయిర్న్స్ 1952లోనే కన్నుమూశాడు. ఆయన తొలి వ్యాసానికీ, చట్టానికీ మధ్య గడిచినవి 32 సంవత్సరములు. ఆ కాలములో శిరస్త్రాణము లేక పోయిన ప్రాణములను ఎవరు లెక్కించగలరు? ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 1961లోనే ఆ చట్టము చేసి ప్రపంచానికి దారి చూపింది.

దెబ్బ తగిలినపుడు తలలో ఏమి జరుగుతుంది?

మెదడు మెత్తని అవయవము. గట్టి కపాలములో, మస్తిష్క మేరుద్రవములో అది తేలుతున్నట్లు ఉంటుంది. తల నేలకు తగిలినపుడు కపాలము ఆగుతుంది. మెదడు ఆగదు. ముందుకు కదిలి కపాలపు లోపలి గోడకు కొట్టుకుంటుంది. వెనుకకు వచ్చి ఎదుటి వైపు కూడా కొట్టుకుంటుంది. తల ఒక్కసారి గిరుక్కున తిరిగితే మెదడులోని సన్నని నాడీతంతువులు సాగి తెగిపోతాయి. రక్తనాళములు తెగితే కపాలములో రక్తము చేరి మెదడును అదుముతుంది. కపాలము విప్పారదు కనుక ఆ ఒత్తిడికి బయటకు దారి ఉండదు.

మంచి హెల్మెట్టు గొప్పతనము బయటి గట్టి చిప్పలో కంటె లోపలి తేలికపాటి నురుగు పొరలో ఎక్కువగా ఉన్నది. దెబ్బకు నలిగిపోయి ఆ శక్తిని తనలో పీల్చుకొనే పొర ఉన్న శిరస్త్రాణానికి 1953లో అమెరికాలో లాంబార్డ్ అనే శాస్త్రజ్ఞునికి పేటెంటు లభించింది. నేటి హెల్మెట్లు అన్నీ ఆ సూత్రముపైననే తయారవుతున్నాయి. తల ఆగడానికి ఆ పొర రెండు, మూడు సెంటీమీటర్ల దూరమును, సెకనులో కొన్ని వేల వంతుల కాలమును అదనముగా ఇస్తుంది. ప్రాణము నిలవడానికి అది చాలు. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్టు పైకి బాగున్నట్లు కనిపించినా లోపలి పొర నలిగి ఉంటుంది. దానిని మార్చవలసినదే. పట్టీ బిగించకపోతే మనిషి పడకముందే హెల్మెట్టు ఎగిరిపోతుంది. అపుడది ధరించినా ధరించనట్లే.

అనేక దేశముల పరిశోధనలను కలిపి సమీక్షించినపుడు మోటారు సైకిలు ప్రమాదములలో హెల్మెట్టు మరణ ప్రమాదమును సుమారు 42 శాతము, తలగాయముల ప్రమాదమును సుమారు 69 శాతము తగ్గిస్తున్నదని తేలింది. ఇంత మేలు చేసే మందు మాత్ర ఏదైనా ఉంటే మనము వరుసలో నిలబడి కొనుక్కుంటాము.

మన దేశములో నియమముల కథ

మన దేశములో మోటారు వాహనములకు 1914లో తొలి అఖిల భారత చట్టము వచ్చింది. 1939లో మరింత విపులమైన చట్టము వచ్చింది. ఇపుడు అమలులో ఉన్న 1988 చట్టము 1989 జూలై 1 నుంచి అమలయింది. హెల్మెట్టు గురించి మన తెలుగు నేల నుంచే ఒక వివాదము సర్వోన్నత న్యాయస్థానము దాకా వెళ్ళింది. ఆంధ్రప్రదేశ్ మోటారు వాహనముల నియమావళిలోని హెల్మెట్టు నిబంధనను 1980ల దశకములో హైదరాబాదులో అమలు చేయబోగా, స్వేచ్ఛగా సంచరించే హక్కుకు అది భంగము అని ఒకరు వాదించారు. 1988లో న్యాయస్థానము ఆ వాదనను త్రోసిపుచ్చింది. హెల్మెట్టు ధరించమనడము సంచార స్వేచ్ఛను హరించడము కాదని, చోదకుని క్షేమానికేనని తీర్పు చెప్పింది.

1988 చట్టములోని 129వ సెక్షను ద్విచక్ర వాహనముపై ప్రయాణించేవారు హెల్మెట్టు ధరించాలని చెబుతుంది. తలపాగా ధరించిన సిక్కులకు మినహాయింపు ఉన్నది. 2019 సవరణ తరువాత నాలుగేళ్ళు దాటిన ప్రతివారికీ, వెనుక కూర్చున్నవారికి కూడా ఇది వర్తిస్తుంది. ఉల్లంఘిస్తే 1,000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. నాలుగేళ్ళ లోపు పసివారిని తీసుకువెళ్ళేటపుడు వారిని చోదకునికి కట్టి ఉంచే రక్షణపట్టీ, తగిన హెల్మెట్టు ఉండాలని, వేగము గంటకు 40 కి.మీ. మించరాదని 2023 ఫిబ్రవరి నుంచి నియమము వచ్చింది. 2021 జూన్ 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని హెల్మెట్ల తయారీ, అమ్మకము నిషిద్ధము. అయినా రోడ్డు ప్రక్క రాశిపోసిన చవక టోపీలు మనకు కనిపిస్తూనే ఉంటాయి. అవి పోలీసుల నుంచి కాపాడవచ్చు గాని నేల నుంచి కాపాడవు.

ఇక లెక్కలు చూడండి. కేంద్ర రహదారి రవాణా శాఖ నివేదిక ప్రకారము 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించారు. వారిలో ద్విచక్ర వాహనములపై ఉన్నవారు 74,897 మంది. హెల్మెట్టు ధరించనందు వలన మరణించినవారుగా నమోదైనవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. మేరీ వార్డు వలె వీరిలో చాలామంది బండి నడపలేదు. "నేను నడపడము లేదు గదా" అనుకొని ఉంటారు.

'చిన్న బండి' అనే భ్రమ

ఇపుడు మొదటి ప్రశ్నకు వద్దాము. మన నియమముల ప్రకారము మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగము గంటకు 25 కి.మీ. లోపు ఉండి, నిర్ణీత బరువుకు లోబడి, తగిన ఆమోదము పొందిన విద్యుత్ స్కూటరును మోటారు వాహనముగా పరిగణించరు. దానికి రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేదు. ఆ హద్దులు దాటిన విద్యుత్ స్కూటర్లన్నీ చట్టము దృష్టిలో పెట్రోలు స్కూటర్లతో సమానము. వాటికి లైసెన్సు, రిజిస్ట్రేషను, భీమా, హెల్మెట్టు అన్నీ కావాలి. కొందరు చిన్న బండిని కొని, మెకానికు చేత వేగపు కట్టడి తీయించి నలభై, యాభై కి.మీ. వేగముతో నడుపుతున్నారు. ఆ క్షణము నుంచి ఆ మినహాయింపు వారికి వర్తించదు. ప్రమాదము జరిగితే భీమా లేని, లైసెన్సు లేని చోదకునిగా వారు నిలబడవలసి వస్తుంది. మైనరు బాలుడు మోటారు వాహనము నడిపి నేరము చేస్తే, సంరక్షకునికి మూడేళ్ళ వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా విధించే అధికారమును 2019 సవరణ ఇచ్చింది.

చట్టము మినహాయించినంత మాత్రాన భౌతికశాస్త్రము మినహాయించదు. గంటకు 25 కి.మీ. వేగముతో పోయే దేహానికి ఉండే శక్తి, సుమారు 8 అడుగుల ఎత్తు నుంచి క్రింద పడిన దేహము నేలను తాకేటపుడు ఉండే శక్తితో సమానము. వేగము రెట్టింపై 50 కి.మీ. అయితే శక్తి నాలుగు రెట్లు అవుతుంది. అది 32 అడుగుల ఎత్తుతో, అంటే దాదాపు మూడంతస్తుల మేడతో సమానము. మీ అబ్బాయిని ఎనిమిది అడుగుల గోడ మీద నుంచి తలక్రిందులుగా దూకమని ఎవరూ చెప్పరు. హెల్మెట్టు లేకుండా చిన్న బండి ఇచ్చి పంపేటపుడు మాత్రము ఆ ఎత్తు మన కంటికి కనిపించదు.

అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతపు రెండు అత్యవసర విభాగములకు 2017 సెప్టెంబరు నుంచి ఒక సంవత్సర కాలములో నిలబడి నడిపే విద్యుత్ స్కూటర్ల వలన గాయపడి వచ్చిన 249 మంది వివరములను వైద్యులు 2019లో ప్రచురించారు. సుమారు 40 శాతము మందికి తలకు దెబ్బలు, సుమారు 32 శాతము మందికి ఎముకలు విరగడము కనిపించాయి. హెల్మెట్టు ధరించినట్లు నమోదైన చోదకులు నూటికి ఐదుగురు కూడా లేరు. 21 మంది అసలు స్కూటరు ఎక్కనివారు. పారిస్ నగరములో అద్దె స్కూటర్లపై 2023 ఏప్రిల్ 2న ప్రజాభిప్రాయము సేకరించినపుడు, ఓటు వేసినవారు తక్కువే అయినా వారిలో దాదాపు 90 శాతము మంది వద్దన్నారు. ఆ సెప్టెంబరు నుంచి అక్కడ అద్దె స్కూటర్లు లేవు. నియమములు పాటించనిచోట చివరకు మంచి వస్తువే నిషేధానికి గురి అవుతుంది.

బ్యాటరీ నేర్పిన పాఠములు

విద్యుత్ స్కూటరు తెచ్చిన కొత్త అపాయము దాని బ్యాటరీ. ఈ పాఠము మన రాష్ట్రములకు చాలా దగ్గరలోనే జరిగింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో చార్జింగులో పెట్టిన బ్యాటరీ ప్రేలి ఒక వృద్ధుడు మరణించాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ ప్రేలి ఒక గృహస్థుడు మరణించాడు. సెప్టెంబరు 12న సికిందరాబాదులో విద్యుత్ ద్విచక్ర వాహనముల దుకాణము ఉన్న భవనములో మంటలు లేచి, పొగ పైనున్న వసతిగృహములోనికి ప్రాకి, ఎనిమిది మంది ప్రాణములు కోల్పోయారు. ఈ వరుస సంఘటనల తరువాత కేంద్ర ప్రభుత్వము బ్యాటరీల భద్రతా ప్రమాణములను కఠినము చేసి 2022 డిసెంబరులో తొలి దశను, 2023 మార్చి 31 నుంచి రెండవ దశను అమలులోనికి తెచ్చింది. ఇక్కడ కూడా ముందు మరణములు, తరువాత నియమములు.

లిథియం బ్యాటరీలో ఒక కణము అతిగా వేడెక్కితే ఆ వేడి ప్రక్క కణమునకు, దాని నుంచి మరొక దానికి ప్రాకుతుంది. వెలువడే పొగలో కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ ఫ్లోరైడు వంటి విషవాయువులు ఉంటాయి. నిద్రలో ఉన్నవారు మంట తగలకముందే పొగకు స్పృహ తప్పుతారు. అందువలన ఈ జాగ్రత్తలు పాటించండి. పడకగదిలో, మెట్ల క్రింద, ఇంటి గుమ్మము దగ్గర చార్జింగు పెట్టవద్దు. మంట లేస్తే బయటకు పోవలసిన దారి అదే. రాత్రంతా చార్జింగులో వదలి నిద్రపోవద్దు. ప్రయాణము ముగిసిన తరువాత బ్యాటరీ చల్లారనిచ్చి చార్జింగు పెట్టండి. బండితో వచ్చిన చార్జరునే వాడండి. బండి పడినా, వరద నీటిలో మునిగినా నిపుణునికి చూపించనిదే చార్జింగు పెట్టవద్దు. బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా, పొగ కనిపించినా దానిని చేతితో ఎత్తే ప్రయత్నము చేయక, ఇంటిలోనివారిని బయటకు తీసుకువచ్చి 101కి ఫోను చేయండి.

నడిపేటపుడు

పెట్రోలు బండి మెల్లగా వేగము అందుకొంటుంది. విద్యుత్ మోటారు పిడి త్రిప్పిన వెంటనే పూర్తి బలముతో లాగుతుంది. అందుకే కొత్తవారు ఖాళీ మైదానములో కొన్ని రోజులు అలవాటు చేసుకొని రోడ్డెక్కాలి. బండి ఆగి ఉన్నా చప్పుడు ఉండదు కనుక అది ఆన్‌లో ఉన్నట్లు తెలియదు. పిల్లలు పిడి త్రిప్పితే దూకుతుంది. ఆపిన వెంటనే తాళము తీసే అలవాటు చేసుకోండి.

మీ బండి చప్పుడు వృద్ధులకు, చూపు లేనివారికి వినిపించదు. సందులలో, మలుపులలో, బడుల దగ్గర వేగము తగ్గించి, అవసరమైనచోట హారను మ్రోగించండి. ఎర్రజెండా మనిషి చేసిన పని ఇపుడు మీరు చేయాలి. ఫోనులో మాట్లాడుతూ నడపకండి. గంటకు 50 కి.మీ. వేగములో ఒక్క సెకను పరధ్యానములో బండి సుమారు 14 మీటర్లు ముందుకు పోతుంది. ఎదురుదారిలో నడపడము, ముగ్గురు ఎక్కడము, మద్యము సేవించి నడపడము పెట్రోలు బండికి ఎంత నేరమో దీనికీ అంతే. చెవిదుద్దులు, చున్నీలు, చీరకొంగులు చక్రములో పడకుండా సర్దుకోండి. వానలో తడిసిన జీబ్రా గీతలు, మ్యాన్‌హోలు మూతలపై బ్రేకు గట్టిగా పట్టవద్దు.

దెబ్బ తగిలితే

తలకు దెబ్బ తగిలిన వారిలో కొందరు లేచి నిలబడి, మాట్లాడి, ఇంటికి వెళతారు. కపాలానికీ, మెదడుపై పొరకూ మధ్య రక్తము మెల్లగా చేరుతుండగా కొన్ని గంటల తరువాత వారికి మగత, వాంతులు, తీవ్రమైన తలనొప్పి, మాట తడబడడము, ఒక కాలో చెయ్యో బలహీనపడడము, ఒక కంటిపాప పెద్దదవడము కలుగుతాయి. పడుకోబెడితే తగ్గుతుందని ఆలస్యము చేయకూడదు. వెంటనే సి.టి. స్కాను, శస్త్రచికిత్స సౌకర్యము ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. సకాలములో ఆ రక్తము తీసివేస్తే చాలామంది పూర్తిగా కోలుకుంటారు. రక్తము పలచబడే మందులు వాడుతున్నవారు చిన్న దెబ్బనైనా తేలికగా తీసుకోరాదు.

దారిలో ఎవరైనా పడి ఉంటే 108కి ఫోను చేయండి. ఆ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులోనే మొదలై దేశములోని అనేక రాష్ట్రములకు విస్తరించింది. మెడను కదిలించకుండా, రక్తము కారుతున్న చోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టండి. స్పృహ లేనివారి నోటిలో నీళ్ళు పోయవద్దు. కేసులలో ఇరుక్కుంటామని భయపడనక్కరలేదు. 2016లో సర్వోన్నత న్యాయస్థానము, 2019లో చట్ట సవరణ సహాయము చేసినవారికి రక్షణ కల్పించాయి. మీ పేరు చెప్పమని కూడా ఎవరూ నిర్బంధించరాదు.

కెయిర్న్స్ వ్యాసము వ్రాసేనాటికి ఆయన చేతిలో ఉన్నవి ఏడుగురి లెక్కలు. మన చేతిలో ఇపుడు లక్షల మంది లెక్కలు ఉన్నాయి. బ్రిటను వలె 32 సంవత్సరములు వేచి ఉండవలసిన అవసరము మనకు లేదు. చిన్న విద్యుత్ బండ్లకు హెల్మెట్టు నియమము ప్రభుత్వము ఎపుడు చేస్తుందో అని కూడా ఎదురుచూడనక్కరలేదు. ఆ నియమము మీ ఇంటిలో మీరే చేయవచ్చు. ఈ వారము బండి కొనబోతున్నవారు దానితో పాటు ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్న రెండు హెల్మెట్లు కొనండి. ఒకటి నడిపేవారికి, రెండవది వెనుక కూర్చునేవారికి. ఇంటిలో చిన్నపిల్లలు ఉంటే వారి తల కొలతకు సరిపోయే మూడవది కూడా కొనండి.